గొడుగుల కంపెనీ వాపసు

ఆ ఉదయం ఆమె పెట్టుకున్నవి రెండే పనులు. ఆఫీసుకు బయల్దేరేలోగా రెండు వాయిస్ మెసేజ్‌లు పంపాలి. ఒకటి విలేకరుల గ్రూపుకి, రెండోది, భర్తతో అంటున్నట్టుగా అందరికీ వినబడేలా, అత్తింటివారి గ్రూపుకి.

రెయిన్‌కోట్లు తయారుచేసే కంపెనీలో ఆమె ప్రచార అధికారిణి. కిందటేడు ఆ కంపెనీ ఒక గొడుగుల కంపెనీని కొన్నది. కొన్నాళ్ళకే పాత యజమాని కోర్టుకెక్కాడు. కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయి సంతకం పెట్టాననీ, గోడౌను ఒక్కటే అమ్ముతున్నాననుకున్నాననీ, మోసం చేసి మొత్తం లాక్కున్నారనీ ఆయన వాదన. పత్రికలు ఆయన కన్నీళ్ళను మొదటి పేజీలో వేశాయి. దుకాణాలవాళ్ళు రెయిన్‌కోట్లు తిప్పిపంపడం మొదలుపెట్టారు. మధ్యాహ్నం కోర్టులో వాయిదా. ఈలోగా విలేకరులకు గట్టిగా ఒక మాట చెప్పమని ఛైర్మన్ ఆదేశం.

ఇంట్లోదీ ఇంచుమించు అదే గొడవ. ఆడపడుచు దగ్గర ఒక పాత సోఫా కొన్నారు. నెల తిరక్కుండానే ఆవిడ "అమ్మలేదే, వాడుకోమని ఇచ్చానంతే" అని చుట్టాలందరి దగ్గరా వాపోయింది. అక్కకూ భార్యకూ మధ్య భర్త అడకత్తెరలో పోకచెక్కలా నలిగిపోతున్నాడు.

ఆమె ఒక చేత్తో తల దువ్వుకుంటూ, రెండో చేత్తో ఫోను పట్టుకుని రెండు మెసేజ్‌లూ పంపేసి హమ్మయ్య అనుకుంది. ఆఫీసు మెట్లెక్కుతుండగా భర్త ఫోను చేశాడు.

"మా అక్కని కోర్టుకీడుస్తావా?"

"నేనా? ఎప్పుడు?"

"'చట్టప్రకారం కొన్నాం, చిన్న మేకు కూడా వెనక్కివ్వం, కోర్టులోనే తేల్చుకుంటాం' అన్నావుగా! అక్క ఏడుపు లంకించుకుంది. బావ లాయర్ని వెతుకుతున్నాడు."

ఇది అక్కడికెళ్తే, మరి అది ఎక్కడికెళ్ళినట్టు? గబగబా ఆమె విలేకరుల గ్రూపు తెరిచింది. అందులో ఆమె గొంతే పలికింది. "ఏవండీ, వాళ్ళ సొత్తు వాళ్ళకి తిరిగిచ్చేద్దాం. తెచ్చుకున్న రోజు నుంచీ మనశ్శాంతి లేదు. పైపైన చూసి కొన్నాం, లోపలంతా చెదలు. ఇవాళే లారీ ఎక్కించి వాళ్ళ గుమ్మంలో దింపేస్తే పీడా పోతుంది."

పై అంతస్తుకు చేరేసరికే టీవీలో అక్షరాలు పరుగెడుతున్నాయి. 'గొడుగుల కంపెనీ వాపసు! లోపలంతా చెదలే!' ఏవండీ అన్నది ఛైర్మన్‌నేనని విలేకరులు తీర్మానించుకున్నారు.

"అది మా ఇంటి సోఫా గురించి" అని ఆమె గ్రూపులో మొత్తుకుంది. ఒక్కరూ నమ్మలేదు. జరిగింది భర్తకు చెప్పి, లారీ ఎక్కించబోతున్న సోఫాను ఫొటో తీయించి పెట్టింది. కాసేపటికి ఆ ఫొటో కూడా టీవీకెక్కింది. 'కంపెనీ దుస్థితికి ఈ సోఫాయే సాక్షి' అని దాని కింద రాశారు. గొడుగుల ఫ్యాక్టరీ కార్మికులు మిషన్లు ఆపేసి ఆఫీసు గేటు ముందుకొచ్చారు. "మమ్మల్నీ లారీ ఎక్కిస్తారా?" అని కేకలు.

ఛైర్మన్ ఆమెను పిలిపించాడు. కూర్చోమనలేదు.

"కోర్టులో మన లాయరు ఏం చెప్పాలమ్మా? వెనక్కివ్వం అనా, లారీ బయల్దేరిందనా?"

"తప్పు నాదేనండీ. రాజీనామా పంపిస్తాను."

"పంపండి. ఈసారి సరైన చోటికి పంపండి."

అంతలో తలుపు భళ్ళున తెరుచుకుంది. చొక్కా గుండీలు ఒకదానికొకటి తప్పి, రొప్పుతూ లోపలికొచ్చినవాడు గొడుగుల కంపెనీ పాత యజమాని.

"లారీ ఎక్కడిదాకా వచ్చింది బాబూ? ఆపించండి, మీకు పుణ్యముంటుంది! ఆ మిషన్లు గుమ్మం తొక్కితే పుట్టింటికి పోతానని మా ఆవిడ గేటుకి తాళం వేసుకుని కూర్చుంది!"

"ఆ లారీ మీ ఇంటికి రాదండీ. అందులో ఉన్నది మా సోఫా" అంది ఆమె నీరసంగా.

"నా దగ్గర దాస్తారెందుకమ్మా, టీవీలో చూశాగా!"

ఛైర్మన్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మీ కంపెనీ మీకు కావాలనే కదండీ కోర్టుకెళ్ళారు?"

పెద్దాయన కుర్చీలో కూలబడ్డాడు. "ఎవరిక్కావాలండీ? వానలు పడకపోతే జీతాలెలా అని ఏటా గుండెదడే. అమ్మేశాకే కంటినిండా నిద్రపోతున్నా. చవగ్గా తెగనమ్ముకున్నాడని తోడల్లుళ్ళు నవ్వారు. తట్టుకోలేక మోసపోయానన్నా. ఆ మాట కోర్టుదాకా పాకింది."

ఆయన మొహం చూస్తే ఆమెకు జాలేసింది. "బేరంలో మీరే మమ్మల్ని ముప్పుతిప్పలు పెట్టారని మేం పత్రికలకి చెబితే?"

పెద్దాయన కళ్ళు మెరిశాయి. "మూడు చెరువుల నీళ్ళు తాగించానని కూడా చెబుతారా?"

"మీరెన్ని చెరువులంటే అన్ని" అన్నాడు ఛైర్మన్.

ప్రకటన ఆమే రాసింది. అది ఏ గ్రూపుకి వెళ్తోందో ఛైర్మన్ ఆమె భుజం మీదుగా తొంగిచూసి మరీ పంపనిచ్చాడు. ఫ్యాక్టరీ ఎక్కడికీ పోదని ఆయన స్వయంగా గేటు దగ్గర చెప్పాక కార్మికులు చల్లబడి పనికి మళ్ళారు. సోఫా చేరిందనీ, అక్క నవ్విందనీ భర్త ఫోను చేశాడు.

"రాజీనామా?" అని ఆమె నసిగింది.

"మళ్ళీ ఆ గ్రూపుల జోలికెందుకమ్మా? వద్దులెండి" అన్నాడు ఛైర్మన్. ఆమెకు పోయిన ప్రాణం లేచొచ్చింది.

మధ్యాహ్నం పెద్దాయన కేసు వెనక్కి తీసుకున్నాడు. ఛైర్మన్, పెద్దాయన, ఆయన భార్య ఫొటోకి నిలబడి నవ్వారు.

ఇరుపక్షాల లాయర్లు మాత్రం కోర్టు వరండాలో ఒకరినొకరు ఓదార్చుకుంటూ కనిపించారు.