సారెలో పోయిన పెట్రోలు బంకు

1938లో ఒక గురువారం పొద్దున ఎల్లారెడ్డి ఊళ్లో పురుషోత్తం రెండు పనులు పెట్టుకున్నాడు. కూతురు తారనూ, అయిదో నెల నడుస్తున్న మనుమడినీ సారెతో సహా కామారెడ్డి బస్సు ఎక్కించి అత్తవారింటికి సాగనంపడం మొదటిది. సాయంత్రం వచ్చే నూనె కంపెనీ ఇన్‌స్పెక్టరు చేత పెట్రోలు ఏజెంటు అనిపించుకోవడం రెండోది. రెండోదాని మీద ఆయనకెంత ధీమా అంటే, ఏజెంటుగా కూర్చోవడానికి వడ్రంగి సిద్ధిరాములుతో చేతుల కుర్చీ కూడా చేయించాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమని ఊరు నవ్వింది. ఆయన చెవిన పెట్టలేదు.

ఆ ధీమాకు మూలం కంపెనీ పంపిన బొమ్మ. జానెడు రేకు బంకు. ఎర్ర కప్పు, ముందర గాజు తలల పంపులు రెండు, వాటికి గోరంత గిరక. తిప్పితే నిజంగానే తిరిగేది. ఇన్‌స్పెక్టరు తాను వచ్చినప్పుడు బొమ్మ వెనక్కి తీసుకుంటానని ముందే రాశాడు. ఆ కంపెనీ తీరు పురుషోత్తానికి తండ్రి కాలం నుంచి ఎరుకే. అప్పట్లో ఇంటింటికీ బుడ్డి దీపాలు ఊరికే పంచిపెట్టి, ఆముదం దీపాలు మాన్పించి, ఆ తర్వాత గ్యాసునూనె పేరుతో కిరసనాయిలు డబ్బాలు అమ్మింది. పన్నెండేళ్లుగా ఆ డబ్బాలు మోసి మోసి ఆయన భుజాలు అరిగాయి. "ఈ కంపెనీ ముంగట బొమ్మ ఇస్తది, ఎనుక యాపారం ఇస్తది" అని కనబడ్డవాడికల్లా చెప్పేవాడు.

బస్సు సాగనంపి ఇంటికొచ్చి చూస్తే గూట్లో బొమ్మ లేదు.

"గంగామణీ! ఈడ పెట్టిన బంకేది?"

"సారెల పెట్టిన," అంది భార్య తాపీగా. "దాన్ని జూస్తే సాలు, పిల్లగాడు ఏడుపు ఆపుతుండు."

"అయ్యో, అది కంపెనీది! పొద్దుమీకి వాపసు ఇయ్యాలె!"

"సారెల పోయింది మల్ల అడుగుతరా ఎవలన్న? పిల్లగానికి మంచిది గాదు."

గంట తర్వాత కామారెడ్డి పోయే వడ్ల బస్తాల లారీ ఒకటి దొరికింది. బస్తాల మీద కూర్చుని, అడక్కుండా అడిగే ఉపాయం కోసం దారి పొడుగునా బుర్ర బద్దలు కొట్టుకున్నాడు.

కామారెడ్డిలో వియ్యంకుడు లక్ష్మీరాజం ఇంట్లో లేడు. స్టేషనుకు ఎదురుగా ఉన్న తన జాగాలో గుంత తవ్విస్తున్నాడు. వాడకట్టంతా అక్కడే ఉంది. గుంత ఒడ్డున పీట మీద రేకు బంకు, పసుపు కుంకుమలతో.

"బావా!" అంటూ లక్ష్మీరాజం వచ్చి కావలించుకున్నాడు. "నీ అంత మనసు ఎవలికుంటది? మనుమనికి పెట్రోలు బంకే ఇచ్చినవు!"

"నేనా?"

"గోదానంల ఎండి ఆవుబొమ్మ ఇస్తే ఆవును ఇచ్చినట్టే గదా," అంది లక్ష్మీరాజం తల్లి పెద్దవ్వ. "గిది గంతే."

"నువ్వు బంకిస్తే నేను జాగ ఇయ్యొద్దా?" అన్నాడు లక్ష్మీరాజం. " ఇది మనుమని పేరు మీద పెట్టిన. పట్వారీకి గూడ చెప్పిన. గిది పెట్రోలు టాంకికి గుంత!"

పురుషోత్తం పీట దగ్గరికి జరిగాడు. "అవ్వా, బొమ్మకు రంగు పోయింది. ఒక్క దినం తీసుకపోయి బాగు చేయించి తెస్త."

"సారె సొమ్ము వాపసు పోదు బిడ్డా. రంగు ఈడ గూడ దొరుకుతది."

అంతలో రైలొచ్చింది. ఎల్లారెడ్డి బస్సు కోసం దిగిన ఇన్‌స్పెక్టరు గుంపును చూసి నేరుగా ఇటే నడిచాడు. పన్నెండేళ్ల ఆశ ఆ గుంతలోనే పూడిపోతుందని పురుషోత్తానికి నిజంగానే దుఃఖమొచ్చింది.

ఇన్‌స్పెక్టరు గుంతను చూశాడు, బొమ్మను చూశాడు, స్టేషను వైపు తిరిగి చూశాడు.

"పురుషోత్తం గారూ! ఎల్లారెడ్డిలో తిరిగేది ఒక్క బస్సు, అక్కడ బంకు కుదరదని చెప్పడానికే బయల్దేరాను. కంపెనీకి ఈ స్టేషను దగ్గరే కావాలి. మీకు ముందే ఎలా తెలిసింది?"

పోయిన ప్రాణం లేచొచ్చింది. "గిసొంటియి మాకు తెల్వయా సార్?" అన్నాడు పురుషోత్తం మీసం దువ్వుతూ.

"జాగా ఎవరిది?"

"మా మనుమనిది!" అన్నారు తాతలిద్దరూ ఒక్కసారే.

"అయితే ఏజెన్సీ కూడా ఆయన పేరునే. జాగా ఎవరిదో ఏజెంటు వాళ్లే, అది మా పద్ధతి. పిల్లవాడు పెద్దయ్యేదాకా పని మీరు చూసుకోండి." కాగితం మీద రాసుకుని, బొమ్మ కోసం చేయి చాపాడు. తార చంకలోని ఏజెంటు గుక్కపట్టి ఏడ్చాడు.

"సారె సొమ్ము వాపసు పోదు," అంది పెద్దవ్వ. ఇన్‌స్పెక్టరు చేయి వెనక్కి తీసుకున్నాడు.

దసరాకు బంకు లేచింది. సిద్ధిరాములు చేసిన చేతుల కుర్చీ బస్సు మీద కామారెడ్డి చేరింది. ఏజెంటుగారు అందులో బొంత వేయించుకుని కూర్చుని, రేకు బంకు గిరక తిప్పేవారు. అసలు బంకు గిరక పురుషోత్తం తిప్పేవాడు.