ముందస్తు సాక్ష్యం

ఆ శుక్రవారం పొద్దున జీవరత్నం వేసుకున్న పథకం చాలా చిన్నది. నీలం చొక్కా ఇస్త్రీ చేసుకోవాలి. దోహాలోని మెసైమీర్‌లో జరిగే తెలుగు ఆరాధనకు టైముకి చేరుకోవాలి. ప్రార్థన మనవులు చెప్పుకునే సమయంలో లేచి, తన జీతం గురించి ప్రార్థించమని ఒక్క ముక్క చెప్పి కూర్చోవాలి.

అతని జీతం తొమ్మిదివేల రెండువందల రియాళ్ళు. భార్యనూ కూతుర్నీ ఖతార్ తెచ్చుకోవాలంటే పదివేలు ఉండాలి. వెస్ట్ బేలో ఒక నిర్మాణ కంపెనీలో అతను ఎస్టిమేటర్. నలభై అంతస్తుల భవనానికి ఎంత ఇనుము పడుతుందో కాగితం మీద తేల్చి చెప్పగలడు. ఆ పదివేలు ఎక్కడ నుంచి వస్తాయో మాత్రం ఆరేళ్ళుగా తేల్చలేకపోయాడు. అతను విమానం ఎక్కినప్పుడు మూడో తరగతి చదువుతున్న జాయ్స్ ఇప్పుడు తొమ్మిదికి వచ్చింది. పోయిన సెలవులో రాజమండ్రి ఎయిర్‌పోర్టులో తన చేతిలోంచి బ్యాగు అందుకోబోయిన పొడుగాటి పిల్లను ఎవరో అనుకుని, "వద్దులేమ్మా, నేను మోసుకుంటాను" అన్నాడు. ఆ పిల్ల అతని కూతురే. ఇంకో రెండేళ్ళు పోతే ఇంటర్, హాస్టలు. ఆ తర్వాత ముగ్గురూ ఒక కప్పు కింద ఉండే అవకాశం పెళ్ళిళ్ళలో తప్ప రాదు. అందుకే ఈసారి సిగ్గు విడిచి మైకు పట్టుకుందామనుకున్నాడు.

మందిరం గేటు దగ్గరే తెరెసమ్మగారు ఎదురయ్యారు. ఆవిడ ఇరవై రెండేళ్ళుగా దోహాలో నర్సు. ఫెలోషిప్‌లో స్త్రీల ప్రార్థన నడిపేది ఆవిడే. ఎవరికి ఏ అవసరం ఉన్నా అది దేవుడి కంటే కాస్త ముందు ఆవిడకు తెలుస్తుంది. జీవరత్నం మనవి విని ఆవిడ తల అడ్డంగా ఊపారు.

"ఇమ్మని అడగడం అందరూ చేసే పనే బాబూ. ఇచ్చేశాడని చెప్పి కృతజ్ఞత చెల్లించు. అదీ విశ్వాసం."

ఇంకా రాలేదు కదండీ అన్నాడు జీవరత్నం. రాకముందు చెబితేనే విశ్వాసం, వచ్చాక చెబితే అది వార్త అన్నారావిడ. తన లైసెన్సు రెన్యువల్ గురించి ఆవిడ మూడు నెలల ముందే సాక్ష్యం చెప్పేశారట. సరిగ్గా మూడు నెలలకు వచ్చిందట. ఒక్కటే షరతు. చెప్పాక సందేహపు మాట ఒక్కటి కూడా నోట్లోంచి రాకూడదు. వచ్చిందో, రాబోయేది దారిలోనే ఆగిపోతుంది.

జీవరత్నం రెండో పాట అయ్యేదాకా ఆలోచించాడు. మూడో పాటలో ధైర్యం వచ్చింది. మనవుల సమయంలో కాకుండా సాక్ష్యాల సమయంలో లేచి మైకు అందుకున్నాడు.

"దేవుడు నా జీతాన్ని పదివేలు చేశాడు. నా భార్యనీ, నా బిడ్డనీ నా దగ్గరికి చేరుస్తున్నాడు. ఆయనకు స్తోత్రం."

హాలంతా ఆమెన్ అంది. తెరెసమ్మగారు అందరికంటే గట్టిగా అన్నారు. కీబోర్డు దగ్గర కూర్చున్న రాజ్ కిరణ్ వేళ్ళు మాత్రం ఉన్నట్టుండి ఒకేసారి నాలుగు మెట్ల మీద పడ్డాయి. రాజ్ కిరణ్‌ది జీవరత్నం కంపెనీయే. ఇద్దరూ అబూ హమూర్‌లో ఒకే గదిలో ఉంటారు. ఇంక్రిమెంట్ల ఫైలు ఈ ఏడాదికి మూసేశామని ఆఫీసులో చెప్పిన మాట ఇద్దరూ పక్కపక్కనే నిలబడి విన్నారు.

తిరుగు టాక్సీలో రాజ్ కిరణ్ అడిగాడు, ఎప్పుడిచ్చారని. జీవరత్నం నోరు తెరిచాడు. ముందు సీట్లో ఉన్న తెరెసమ్మగారు వెనక్కి తిరిగి చూశారు. జీవరత్నం నోరు మూసుకుని, "ఇచ్చాడు" అన్నాడు. ఎవరని రాజ్ కిరణ్ అడగలేదు.

జీవరత్నం మర్చిపోయినది ఇంకొకటుంది. ఆరాధన ఫేస్‌బుక్‌లో లైవ్ వస్తుంది. దోహాలో ఉదయం పది గంటలంటే పాలకొల్లులో మధ్యాహ్నం పన్నెండున్నర. అతని భార్య సౌభాగ్యం ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ టీచరు. ప్రతి శుక్రవారం భోజనాల బెల్లు కొట్టగానే స్టాఫ్ రూములో ఫోను నీళ్ళ సీసాకి ఆనించి, టిఫిన్ డబ్బా విప్పుకుని, భర్త కూర్చునే వరసలో కెమెరా తిరిగేదాకా చూస్తుంది. ఆ రోజు కెమెరా తిరగడమే కాదు, అతని ముఖం మీదే ఆగింది.

ఆ సాయంత్రం అతను ఫోను చేసేసరికి సౌభాగ్యం గొంతు తడిగా ఉంది.

"నాకు చెప్పకుండా మైకుకి చెప్పారేంటండీ."

అతను ఏదో సర్దిచెప్పబోయేంతలో ఆమె అసలు సంగతి చెప్పింది. ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేసింది. చెల్లెలి పెళ్ళికి సెలవు పెడితే అరపూట జీతం కోసిన కరస్పాండెంట్‌గారికి స్వయంగా చేతికిచ్చి వచ్చింది. ఆ ఉత్తరం నాలుగేళ్ళుగా మనసులో రాసుకుని ఉండడం వల్ల కొట్టివేత ఒక్కటి కూడా పడలేదట. జీవరత్నం తొందరపడ్డావేమో అన్నాడు. అది సందేహపు మాట కిందకి వస్తుందేమోనని వెంటనే భయపడి, మంచి పనే చేశావన్నాడు.

శనివారం పొద్దున జాయ్స్ టీసీ తీసుకున్నారు. సాయంత్రం ఫ్రిజ్ అమ్మేశారు. కింద వాటావాళ్ళు మంచి ధర ఇస్తామన్నారట, మళ్ళీ అడగరేమోనని సౌభాగ్యం అప్పటికప్పుడు కిందికి దింపించేసింది. ఈ రెండు కబుర్ల మధ్యలో జాయ్స్ ఫోను లాక్కుని, "నాన్నా, మనింట్లో నాకు కిటికీ ఉన్న గది కావాలి" అంది. జీవరత్నం ఉన్న గదిలో నాలుగు మంచాలున్నాయి, కిటికీ ఒకటుంది, దానికి ఏసీ బిగించి ఉంది. ఉంటుందమ్మా అన్నాడు. ఆ రాత్రి తెరెసమ్మగారికి ఫోను చేసి, విశ్వాసాన్ని వాయిదా వేసే పద్ధతి ఏదైనా ఉందా అని అడిగాడు. లేదన్నారావిడ.

ఖతార్‌లో పనివారం మొదలయ్యే ఆదివారం పొద్దున స్టాఫ్ వ్యాను ఎక్కేసరికి లోపల మాటలు ఆగిపోయాయి. డ్రైవర్ రాజన్నది జగిత్యాల. ఆఫీసు కబుర్లన్నీ అతని వ్యానులోనే పుడతాయి, పెరుగుతాయి. అద్దంలోంచి జీవరత్నాన్ని చూసి నవ్వాడు.

"సారూ, పెంచిండ్రంట గద. మంచిగైంది. గని మాకొక్క ముక్క చెప్తే మీ ఫులూస్ మేం గుంజుకుంటమా?"

నిజమేనా అని వెనక సీటువాళ్ళు. ఎంత పెంచారని పక్క సీటువాళ్ళు. రాజ్ కిరణ్ మాత్రం వ్యాను వెస్ట్ బేలో ఆగీ ఆగకముందే దిగి, లిఫ్టు కోసం చూడకుండా మెట్ల మీద పరుగెత్తాడు. హెచ్ఆర్ గది నాలుగో అంతస్తులో ఉంది.

పదకొండు గంటలకు జీవరత్నానికి పిలుపు వచ్చింది. హెచ్ఆర్ మేనేజర్ హమీదుద్దీన్ సాబ్‌ది హైదరాబాదు పాతబస్తీ. ముప్ఫై ఏళ్ళుగా గల్ఫ్‌లో ఉన్నాడు. ఎవరికైనా చేదు వార్త చెప్పే ముందు చాయ్ తెప్పించడం ఆయన అలవాటు. జీవరత్నం వెళ్ళేసరికి బల్ల మీద రెండు చాయ్ గ్లాసులు ఉన్నాయి.

"కూసో మియా. పొద్దటి సంది పదకొండు మంది వచ్చిండ్రు. జీవరత్నంకి పెంచిండ్రు, మాకు పెంచుండ్రి అని. నేను సంతకం పెట్టలే. జీఎం సాబ్‌ని అడిగిన, ఆయన పెట్టలే. మరి నీకు ఇంక్రిమెంట్ ఎవరు ఇచ్చిండ్రు?"

జీవరత్నం చాయ్ గ్లాసు వైపు చూశాడు. సందేహపు మాట మాట్లాడకూడదు. అబద్ధమూ ఆడకూడదు. ఆ రెండింటి మధ్య అతనికి మిగిలింది ఒక్కటే జవాబు.

"దేవుడండి."

హమీదుద్దీన్ సాబ్ కళ్ళజోడు తీశాడు. తుడిచాడు. పెట్టుకున్నాడు.

"ఆయన ఇస్తే కాదనేటందుకు నేనెవర్ని మియా. గని హెచ్ఆర్‌కి కాపీ రాలే."

అప్పుడిక జీవరత్నం ఆపుకోలేకపోయాడు. పదివేల రూలు, గేటు దగ్గర తెరెసమ్మగారు, మైకు, రాజీనామా, టీసీ, ఫ్రిజ్, కిటికీ ఉన్న గది, అన్నీ వరసగా చెప్పేశాడు. చెబుతున్నంతసేపూ, రాబోయేది ఏదైనా దారిలో ఉండి ఉంటే ఈపాటికి వెనక్కి తిరిగి ఉంటుందనుకున్నాడు. పదకొండు మందికీ తానే క్షమాపణ చెబుతాననీ, ఉద్యోగంలోంచి మాత్రం తీయవద్దనీ బతిమాలాడు.

హమీదుద్దీన్ సాబ్ "పదివేలు అని నీకెవరు చెప్పిండ్రు?" అన్నాడు.

ఎవరు చెప్పాలి? అతను ఉండే గదిలో ముందు నుంచీ ఉన్నవాళ్ళు చెప్పారు. వాళ్ళకు అంతకు ముందు ఉండి వెళ్ళినవాళ్ళు చెప్పారు. అబూ హమూర్‌లో బెడ్ స్పేస్ తీసుకున్న ప్రతివాడికీ మంచంతో పాటు ఆ అంకె కూడా ఇస్తారు.

"అది సొంతంగ ఇల్లు కిరాయికి తీసుకునెటోనికి. కంపెనీ ఫ్యామిలీ ఫ్లాట్ ఇచ్చి, లెటర్ ఇస్తే ఆరువేలు చాలు. రూల్‌ల రెండో లైను అదే. మీరు ఎవ్వరూ రెండో లైను చదవలే."

చదవకపోవడానికి కారణం ఉంది. కంపెనీ ఇంటి అలవెన్సు కింద నెలకు పద్దెనిమిదివందలు ఇస్తుంది. గదికి నలుగురు చేరితే మనిషికి ఆరువందలు. మిగతా పన్నెండువందలు ఇంటికి పంపుకోవచ్చు. ఈ లెక్క తెలిసినవాడెవడూ కంపెనీ ఇచ్చే ఇంటి ఊసెత్తడు. హమీదుద్దీన్ సాబ్ సొరుగులోంచి ఒక ఫైలు తీశాడు. రాబోయే ప్రాజెక్టు స్టాఫ్ కోసమని కంపెనీ మెసైమీర్‌లో ఒక బిల్డింగు మొత్తం అద్దెకు తీసుకుంది. ఆ ప్రాజెక్టు రాలేదు. పద్దెనిమిది ఫ్లాట్లు రెండేళ్ళుగా ఖాళీ. ప్రతి గురువారం జీఎం ఆ అద్దె గురించి అడుగుతాడు, ప్రతి గురువారం హమీదుద్దీన్ సాబ్‌కి తలనొప్పి వస్తుంది.

"ఒకటి నీకు రాసిస్త. రెండు బెడ్రూములు. కిటికీలు మస్తున్నయి. గని అలవెన్స్ కట్."

"అంటే నా జీతం..."

"ఏడువేల నాలుగువందలు."

జీవరత్నం కుర్చీలో వెనక్కి వాలాడు. ఈ ఆరేళ్ళలో అతను రెండు కంపెనీలు మారాడు, మూడు సాఫ్ట్‌వేర్ కోర్సులు చేశాడు, ఆరువేల ఎనిమిదివందల నుంచి తొమ్మిదివేల రెండువందల దాకా మెట్టు మెట్టుగా ఎక్కాడు. ఇప్పుడు కొన్ని మెట్లు దిగితే ఇంటి తలుపు కనిపిస్తోంది. నెలనెలా ఊరికి పంపే డబ్బు తగ్గుతుంది. అక్కడ ఇంటి అద్దె ఉండదు, రెండు వంటలు ఉండవు. ఎస్టిమేటర్ బుర్ర ఇవన్నీ లెక్కవేసేలోపలే చెయ్యి పెన్ను కోసం వెతికింది.

"నా జీతం తగ్గించండి సార్," అన్నాడు.

"యల్లా, రాసియ్యి," అన్నాడు హమీదుద్దీన్ సాబ్.

ఆ సాయంత్రం సౌభాగ్యానికి ఫోను చేయడానికి అతను మేడ మీదికి వెళ్ళాడు. వేడిగాలి ముఖానికి కొడుతోంది. మొదటి నుంచి చివరి దాకా చెప్పాడు.

"అయితే ఆ రోజు మైకులో చెప్పింది ఏంటండీ?"

"విశ్వాసం."

"నాకు చెప్పకపోవడం?"

"భయం."

ఆమె ఉద్యోగం పోయింది, ఇల్లు ఖాళీ చేస్తామని కూడా చెప్పేసి ఉంటుంది. తిడితే పడదామని జీవరత్నం ఫోను చెవికి గట్టిగా ఆనించుకుని నిలబడ్డాడు.

"ఆ ఫ్లాట్‌లో ఫ్రిజ్ ఉందాండీ?"

ఉందట అన్నాడు.

"అయితే సరే. ఇన్నాళ్ళూ మీ జీతంతో కాపురం చేశాను, ఇప్పుడు మీతో చేస్తాను. ఎంత తగ్గితే అంత. ఆయ్, ఇంకోటి చెబుతున్నాను వినండి. ఈసారి మైకు పట్టుకునే ముందు నాకు ఫోను చెయ్యండి."

పెళ్ళి సర్టిఫికెట్టు మీద ముద్రలు పడి, కాగితాలన్నీ కదిలి, వీసాలు చేతికి రావడానికి ఏడు వారాలు పట్టింది. వచ్చిన శుక్రవారం జీవరత్నం ముందు ఇంటికి ఫోను చేసి, అనుమతి తీసుకుని, తర్వాత మైకు అందుకున్నాడు. దేవుడు నా జీతం పద్దెనిమిదివందలు తగ్గించాడు, నా కుటుంబాన్ని ఇచ్చాడు, స్తోత్రం అన్నాడు. ఆమెన్ అనాలో వద్దో తెలియక జనం తెరెసమ్మగారి వైపు చూశారు. ఆవిడ కాసేపు ఆలోచించి, మెల్లగా అన్నారు. కీబోర్డు దగ్గర రాజ్ కిరణ్ జేబులోంచి కాగితం తీసి ఏదో లెక్క వేసుకుంటున్నాడు. అతని భార్య రెండేళ్ళుగా కాకినాడలో ఉంది.

ఆదివారం పొద్దున హెచ్ఆర్ గది తలుపు తీసేసరికి బయట తొమ్మిది మంది నిలబడి ఉన్నారు. అందరి కంటే ముందు రాజ్ కిరణ్ ఉన్నాడు. తొమ్మిది మంది చేతుల్లోనూ, తమ జీతం తగ్గించవలసిందిగా ప్రార్థిస్తూ రాసుకున్న దరఖాస్తులు ఉన్నాయి. హమీదుద్దీన్ సాబ్ అందరికీ చాయ్ తెప్పించబోయి, ఇది చేదు వార్త కాదని గుర్తొచ్చి మానుకున్నాడు.

ఆ కంపెనీ పుట్టిన తర్వాత, ఉద్యోగులు పెట్టిన రోజే మంజూరైన దరఖాస్తులు అవే.