మూడు లెక్కలూ కలిసిన శుక్రవారం

"ఇకపై కష్టాలు చెప్పుకోవడానికి ప్రజలు గడప దాటనక్కర్లేదు. కష్టాలే మా దగ్గరికి నడిచొస్తాయి!" అని ప్రజాసమస్యల శాఖ మంత్రిగారు ప్రకటించి మూడు నెలలైంది. ఆ నడకకు వేసిన బాట పేరు 'వింటున్నాం' వెబ్‌సైటు. మంత్రిగారికి దూరదృష్టి ఎక్కువ. ఎంతమంది వస్తున్నారో తెలుసుకోవడానికి ఒకటి కాదు, ఏకంగా మూడు టూల్స్ పెట్టించారు. ఒకటి చెడితే రెండోది ఉంటుందని, రెండోదీ చెడితే మూడోది పరువు నిలబెడుతుందని.

తీరా చూస్తే ఒక్కటీ చెడలేదు. మొదటిది పన్నెండు లక్షల మంది వచ్చారంది. రెండోది నలభై ఒక్క వేలంది. మూడోది మూడు వందల పదిహేడంది.

సైటు చూసుకునే కాంట్రాక్టు ఉద్యోగినికి కబురొచ్చింది. ఆఫీసంతా ఆమెను సర్వరమ్మ అంటుంది. అసలు పేరు హాజరు పట్టీకి తప్ప ఎవరికీ గుర్తులేదు.

"ఏమ్మా, ఈ మూడింట్లో అబద్ధం చెప్పేది ఏది?" అన్నారు మంత్రిగారు.

"మూడూ నిజమే చెబుతున్నాయి సార్."

ఇన్నేళ్ల ప్రజాజీవితంలో మంత్రిగారు ఇలాంటి మాట ఎన్నడూ విని ఉండలేదు. పీయేగారి వంక చూశారు. పీయేగారు కిటికీ వంక చూశారు.

"మా ఆయన బస్సు కండక్టరు సార్," అంది సర్వరమ్మ. "ఒకే బస్సులో తలుపు ఎన్నిసార్లు తెరుచుకుందో లెక్కపెడితే ఒక అంకె, టిక్కెట్లు లెక్కపెడితే ఇంకో అంకె, తలలు లెక్కపెడితే మరో అంకె. మన మొదటి టూల్ తలుపు చప్పుళ్లు లెక్కపెడుతుంది. మనిషి తెరిచినా, ఏదో యంత్రం వచ్చి తొంగిచూసినా దానికి ఒకటే. రెండోది ఫోన్లూ కంప్యూటర్లూ లెక్కపెడుతుంది. ఒకే మనిషి ఇంట్లో ఓసారి, ఆఫీసులో ఓసారి చూస్తే ఇద్దరు. మూడోది 'నన్ను లెక్కపెట్టుకోండి' అని ఒప్పుకున్నవాళ్లనే లెక్కపెడుతుంది."

"జనాన్ని అడిగి లెక్కపెట్టే దిక్కుమాలిన పద్ధతి ఎవడు తెచ్చాడు?"

"రిబ్బన్ మీరే కత్తిరించారు సార్," అన్నారు పీయేగారు కిటికీతో.

మంత్రిగారు గొంతు సవరించుకున్నారు. "శుక్రవారం సభలో ప్రతిపక్షం ఇదే అడుగుతుంది. మూడూ కలవాలి. అంకె ఎంతైనా ఫర్వాలేదు, ఒకటే ఉండాలి. నీ కాంట్రాక్టు నెలాఖరుకి అయిపోతుందట కదూ? కలిపావంటే ఏడాది పొడిగిస్తాం."

సర్వరమ్మకు పోయిన ప్రాణం లేచొచ్చింది. ఆ ఉద్యోగం కాస్తా పోతే ఇల్లు నడవదు. ఆ మధ్యాహ్నం నుంచే నడుం బిగించింది.

ముందు యంత్రాలను ఏరిపారేసింది. తర్వాత తిండీ నిద్రా లేకుండా పది సెకన్లకోసారి సైటుకి వచ్చే మహానుభావుడొకడు దొరికాడు. ఎవరా అని ఆరా తీస్తే మంత్రిగారి చాంబర్‌లో గోడ మీద ఈ లెక్కలు చూపించే టీవీ. పన్నెండు లక్షల్లో ఏడు లక్షల డెబ్భై వేలు దానివే. దాన్నీ తీసేసి, మొదటి టూల్‌కి చప్పుళ్లు మాని తలలు లెక్కపెట్టడం నేర్పింది.

మిగిలినవాళ్లు దాదాపు అంతా శాఖ ఉద్యోగులు. సైటుని రోజూ తాము చూడాలి, ఇంట్లోవాళ్లకు చూపించాలి అని వాళ్లకు సర్క్యులర్ ఉంది. అందుకని 'మనవాళ్లు' అని ఒక జాబితా పెట్టింది. అందులోకి ఎక్కిన ఫోను సైటుకి ఎన్నిసార్లొచ్చినా ఏ టూలూ లెక్కలోకి తీసుకోదు. నీతిగల మనిషి కాబట్టి మొట్టమొదట తన ఫోనూ, ఆ వెంటనే భర్త ఫోనూ రాసింది.

బుధవారానికి మూడు టూల్సూ ఒకే మాట మీదికొచ్చాయి. ఒకటి, ఒకటి, ఒకటి.

ఆ ఒక్కరూ మనిషే. రోజూ పదకొండింటికి వచ్చి, నలభై నిమిషాలు 'పంపండి' బటన్ దగ్గర ఆగి వెళ్లిపోతున్నారు. సర్వరమ్మ ఆ బటన్ నొక్కి చూసింది. ఉలుకూ పలుకూ లేదు. మూడు నెలలుగా అంతే. ఫిర్యాదులు రాకపోతే ప్రజలు సుఖంగా ఉన్నారనుకున్నారంతా. పనిచేయడం లేదని ఎవరైనా చెబుదామన్నా ఆ బటనే నొక్కాలి. ఆమెకు సిగ్గేసింది. పది నిమిషాల్లో బాగుచేసింది.

గురువారం పదకొండింటికి తొలి ఫిర్యాదు వచ్చింది. "అయ్యా, మీ 'పంపండి' బటన్ పనిచేయడం లేదు. మొదట వేరే పనిమీద వచ్చాను. అదేమిటో ఇప్పుడు గుర్తులేదు. ఇట్లు, ఒక రిటైర్డ్ టైలరు."

పీయేగారు వెంటనే 'పరిష్కరించడమైనది' అని రాయించారు.

శుక్రవారం టైలరుగారికి పనిలేకపోయింది. గోడ మీద టీవీలో ఆ రోజు లెక్క సున్నా, సున్నా, సున్నా. సర్వరమ్మ ఏదో చెప్పబోయింది.

"కలిశాయా?" అన్నారు మంత్రిగారు.

"కలిశాయి సార్. కానీ..."

"శభాష్!"

సభలో మంత్రిగారి గొంతు ఖంగుమంది. "వచ్చిన ఫిర్యాదు ఒకటి, పరిష్కరించింది ఒకటి. నూటికి నూరు! ఇవాళ మూడు టూల్స్ ఏకగ్రీవంగా చెబుతున్నాయి, కష్టమున్న పౌరుడు ఒక్కడంటే ఒక్కడు లేడని!" బల్లలు మోగిపోయాయి. లెక్కలు తేడాగా ఉంటే నిలదీద్దామని వచ్చిన ప్రతిపక్షం కాగితాలు మడుచుకుంది.

సాయంత్రం సర్వరమ్మకు ఒక ప్రశంసాపత్రం, ఒక ఉత్తర్వు అందాయి. కష్టాలు పూర్తిగా తీరిపోయినందున సైటుకి మనుషుల అవసరం లేదట. కాంట్రాక్టు పొడిగించడం లేదట.

నెల మారిన సోమవారం పదకొండింటికి ఆమె ఇంట్లోనే ఉంది.

"మాటిచ్చి తప్పుతారా? నువ్వు బాగుచేసిన బటనేగా, నొక్కు!" అన్నాడు కండక్టరు.

కళ్లు తుడుచుకుని జరిగిందంతా రాసి నొక్కింది. బటన్ చక్కగా పనిచేసింది. పేజీ అడుగున ఇవాళ వచ్చినవారి లెక్క మూడు గడుల్లో కనిపిస్తోంది. సున్నా, సున్నా, సున్నా.

"సరిగ్గా నొక్కలేదేమోనే."

మళ్లీ నొక్కింది. సున్నాలు కదల్లేదు.

"ఉండు, నా ఫోన్లోంచి పంపుదాం," అంటూ ఆయన జేబులో చెయ్యి పెట్టాడు.

"వద్దులెండి," అంది సర్వరమ్మ.