తొక్కిపెట్టిన దుప్పటి

ఒక పెద్ద అడవిలో అన్నిటికీ ఓ సంఘం ఉండేది, చలికి తప్ప. ఆ దిగులుతో అధ్యక్షుడు ఎలుగుబంటికి నిద్ర పట్టలేదు. ఎలుగుబంటికి నిద్ర పట్టకపోతే ఎంత ప్రమాదమో అడవికి తర్వాత తెలిసింది.

ఆ కొండమీద మంచు గడ్డకట్టే ముందు ఏటా కొన్నాళ్ళు చిరుచలి వేస్తుంది. ఈసారి అది మొదలవగానే ఎలుగుబంటి ఉత్తర్వు వేసింది.

"పాపం, గడ్డి వణుకుతోంది. ప్రతి బీడుకూ ఎండుటాకుల దుప్పటి కప్పండి. మంచు రోజుల్లో పులిగారు వచ్చి, దుప్పటి తీసి, పచ్చగడ్డిని చూసి పథకం ప్రారంభిస్తారు."

జింకల బీళ్ళకు దుప్పట్లు పడ్డాయి. కుందేలమ్మ బీడుకు పడలేదు. ఆమె అర్జీని గుమాస్తా నక్క తొక్కిపెట్టింది. నక్క చేయి తడపాలంటే కుందేలు దగ్గరున్నది తన ఒళ్ళొక్కటే.

"గుమాస్తాగారూ, గడ్డి పోతే నా పిల్లలు పస్తులుంటారండీ," అని కుందేలమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"ఫైలు నడుస్తోందమ్మా," అంది నక్క, ఆ ఫైలు మీద కూర్చునే.

పులిగారు వచ్చారు. దుప్పట్లు తీశారు, చప్పట్లు కొట్టారు. మర్నాడు తెల్లారేసరికి మంచు పట్టి జింకల బీళ్ళన్నీ కమిలిపోయాయి. కుందేలమ్మ బీడు మాత్రం పచ్చగా ఉంది. పిల్లల్ని మేపుకుంటూనే, తనేదో తప్పు చేసే ఉంటానని ఆమె భయపడింది.

విచారణకు గుడ్లగూబ పండితుణ్ణి పిలిపించారు.

"చిరుచలి తగిలితేనే గడ్డి లోపల ఓ ప్రోటీను తయారవుతుంది," అన్నాడు పండితుడు. "మంచు పలుకు పుట్టగానే ఆ ప్రోటీను పోయి దాన్ని అంటుకుని, పెరగనివ్వకుండా తొక్కిపెడుతుంది. పలుకు పెద్దదైతేనే గడ్డి చచ్చేది. మీరు వెచ్చగా కప్పారు, అది తయారుకాలేదు."

"ముందే చెప్పొచ్చుగా," అంది ఎలుగుబంటి.

"సలహా సంఘంలో నన్ను వేయలేదు. విచారణకే పిలిచారు."

నక్క లేచి నిలబడింది. "చిన్నగా ఉన్నప్పుడే తొక్కిపెట్టడం. అయ్యా, నేను చేసిందీ అదేగా. అర్జీ కదిలుంటే ఈ ఒక్క బీడూ పోయేది."

కొత్తగా చలి శాఖ పెట్టి, మొత్తం నక్కకు అప్పగించారు. కుందేలమ్మ బీడులో మేయడానికి జింకలన్నీ అర్జీ పెట్టుకున్నాయి. అది నక్క దగ్గరే ఉంది. ఆ శీతాకాలమంతా కుందేలు పిల్లలు కడుపునిండా తిన్నాయి.

నీతి: సర్కారుకు మనమీద దయ కలిగిననాడు, మన ఫైలుమీద ఓ నక్క కూర్చుని ఉండాలని మొక్కుకోవాలి.