వైర్లు లేని మీట

ప్రధాన కార్యాలయంలో విద్యుత్ ఆదాకు విశిష్ట సేవలందించిన ఇంజనీరును ఉద్యోగంలోంచి ఎందుకు తీసెయ్యకూడదో చెప్పమని పైవాళ్ళు నోటీసిచ్చారు.

ఆయన సేవలు తక్కువవి కావు. మనిషి కదిలితేనే వెలిగే దీపాలు పెట్టించాడు. సెక్షన్లలో కదిలే అలవాటు ఎవరికీ లేకపోవడంతో కాఫీ వేళకే అంతస్తులన్నీ చీకటైపోయాయి. యాజమాన్యం తక్షణం స్పందించి, దీపాల కింద చేతులూపడానికి ఒక మనిషిని నియమించింది. పనిభారం దృష్ట్యా అతనికో సహాయకుణ్ణి కూడా మంజూరు చేసింది.

ఛైర్మన్‌గారు కోటు వేసుకుంటారు గనక భవనాన్ని ఐసుపెట్టెలా ఉంచేవారు. ఉద్యోగులు బల్లల కింద హీటర్లు పెట్టుకున్నారు. ఆ వేడికి ఏసీ ఇంకా గట్టిగా తిరిగేది. ఆ చలికి హీటర్లు ఇంకా ఎర్రబడేవి. సంస్థ ఈ రెంటి నడుమ అభివృద్ధి పథంలో సాగుతుండగా, ఇంజనీరు హీటర్లు పీకించి, ఏసీని మనుషులు బతకగలిగే చల్లదనం దగ్గర ఆపాడు. నోటీసు అందుకే. ఉక్కపోస్తోందని లావుపాటి క్యాషియరూ, వణుకు పుడుతోందని బక్కపల్చటి టైపిస్టమ్మా ఒకే గదిలోంచి ఒకే రోజు ఫిర్యాదు చేశారు.

“ఉద్యోగం పోతే ఏం తింటామండీ? నలుగురితోపాటు మీరూ ఊరుకోవచ్చుగా! తగలబడే కరెంటు మీ తాతగారిదా?” అంది భార్య.

ఆయన ఊరుకోలేదు. అంతస్తుకో గుండ్రటి మీట గోడకు బిగించి, ‘మీ చల్లదనం మీ చేతుల్లో’ అని కింద రాయించాడు. వెనక వైర్లు మాత్రం పెట్టలేదు.

ఫిర్యాదులు ఆగిపోయాయి. క్యాషియరు ఎడమకు తిప్పి “హమ్మయ్య, ప్రాణం లేచొచ్చింది” అనేవాడు. అతను అటు తిరగ్గానే టైపిస్టమ్మ కుడికి తిప్పి శాలువా తీసేసేది. పైవాళ్ళు నోటీసు పక్కనపెట్టి సన్మానం గురించి యోచించసాగారు.

అంతలో గోడలకు రంగులేసేవాడు ఒక మీట ఊడదీశాడు. వెనక ఉత్త గోడ.

సర్వసభ్య సమావేశం పెట్టారు. ఇంజనీరు ముందువరసలో కూర్చుని, కొత్త ఉద్యోగం ఇచ్చేవాళ్ళెవరా అని తలపోస్తున్నాడు. యూనియన్ నాయకుడు మైకు పట్టుకున్నాడు.

“సోదర సోదరీమణులారా! మన చెమటతో, మన వణుకుతో ఇన్నాళ్ళూ ఆటలాడారు! ఈ ద్రోహిని ఇంటికి పంపేదాకా పిడికిలి దించేది లేదు!”

పిడికిళ్ళన్నీ లేచాయి. ఇంజనీరూ లేచాడు.

“తప్పయిపోయింది. రేపే వైర్లు కలుపుతాను. ఎవరు తిప్పితే వాళ్ళ మాట నెగ్గుతుంది. చాలా?”

హాలు చల్లబడింది.

“అంటే... ఆవిడ తిప్పినా పనిచేస్తుందా?” అన్నాడు క్యాషియరు.

“చేస్తుంది.”

“ఈయన తిప్పినా?” అంది టైపిస్టమ్మ.

“ఆఁ.”

నాయకుడు పిడికిలి విప్పి, ఆ చేత్తోనే మెడ తుడుచుకున్నాడు. కాసేపు గుసగుసలయ్యాక తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది: ఇంజనీరుగారిని కొనసాగించాలి. వైర్లు ఎట్టి పరిస్థితుల్లోనూ కలపరాదు. మీటలు మాత్రం మనిషికొకటి చొప్పున ఇప్పించాలి.