గోడకు తెలియని పేరు

ఆవుల పాలు పితికి ట్యాంకరు నింపారు. చల్లదనం తగ్గకముందే అది సెమారంగ్ నగరం చేరాలి. ఆ ఉదయం బొయొలాలి పాల సంఘానికి ఉన్న పని అంతే. అధ్యక్షుడు సర్వర్‌లోకి వెళ్లి అనుమతి ఇస్తే బండి కదులుతుంది.

ఆ సర్వర్ జకార్తాలో ఉంది. ఊరూ పేరూ లేనివాళ్లెవరో రాత్రింబవళ్లు పాస్‌వర్డులు మార్చి మార్చి దాని తలుపు తడుతున్నారని, కంప్యూటర్లు చూసే సెత్యో ముందురోజే దానికి ఫైర్‌వాల్ అనే కాపలా గోడ కట్టాడు. మూడుసార్లు తప్పు కొడితే ఆ కనెక్షన్‌లో వచ్చేవాళ్లందరికీ సాయంత్రందాకా దారి బంద్. కంప్యూటర్లలో దాచి ఉన్న పేర్లు కూడా తుడిచేశాడు. ఇకమీద ఎవరి పేరు వాళ్లే కొట్టుకోవాలి.

అందరూ మర్యాదగా పాక్ అని పిలిచే అధ్యక్షుడు దర్మోజో కూర్చోగానే క్యాప్స్‌లాక్, అంటే పెద్దక్షరాల మీట నొక్కాడు. ట్యాంకరు మీద, ఆఫీసు బోర్డు మీద, చివరికి టీ కప్పుల మీద కూడా ఆయన పేరు పెద్ద అక్షరాల్లోనే ఉంటుంది. సర్వర్‌లో మాత్రం చిన్న అక్షరాల్లో ఉంది. దానికి ఆ రెండూ ఒకటి కావు.

సెత్యో చూశాడు. మీ పేరు చిన్నగా రాయండని పెద్దమనిషితో అనేవాడు మా వైపు ఇంకా పుట్టలేదు.

"కీబోర్డు కాస్త అలిసినట్టుంది, పాక్," అన్నాడు మెల్లగా.

"అలిసింది అది కాదు, నేను!"

మూడోసారి కొట్టగానే ఆఫీసుకు దారి మూసుకుంది. అధ్యక్షుడి ఫోను నెట్‌కు ల్యాప్‌టాప్ తగిలించారు. అక్కడా మూడూ అయిపోయాయి.

"నా సంఘం, నా సర్వర్! నన్నే దొంగంటుందా?"

"దానికి మీరెవరో తెలీదు, పాక్."

"తెలియజెప్పు మరి! నీకు జీతం ఎందుకు?"

డ్రైవర్ గిమాన్ కిటికీలోంచి తల పెట్టాడు. "పాక్, పాలు తోడుకుంటున్నాయి. పెరుగు బండికి వేరే డ్రైవర్ని చూసుకోండి!"

ఇక మిగిలింది రోడ్డవతల బు తుకినెమ్ అనే పెద్దావిడ టీకొట్టు.

"టీ తాగనోళ్లకి వైఫై లేదు," అందావిడ. "అధ్యక్షుడైనా అంతే."

పళ్లు నూరుతూనే టీ తాగారు. ఇక్కడా రెండుసార్లు తప్పింది. మిగిలింది ఒక్కటే. అధ్యక్షుడి వేలు మళ్లీ ఆ మీట మీదికే వెళ్లింది.

సెత్యో గ్లాసు బల్లకేసి కొట్టాడు.

"దాన్ని ముట్టుకున్నారంటే ఆ పాలన్నీ మీ నెత్తిన పోస్తా! పొద్దున్నుంచీ చూస్తున్నా! మీ పేరు చిన్న అక్షరాల్లో కొట్టండి! చిన్నగా! చీమంత!"

కొట్లో చెంచా చప్పుడు ఆగింది. అధ్యక్షుడి ముఖం మిరపపండైంది. బయట గిమాన్ హారన్ మీద చెయ్యి తియ్యడం లేదు. అధ్యక్షుడు పన్ను పీకించుకుంటున్నట్టు ఒక్కో అక్షరం నొక్కాడు.

దారి తెరుచుకుంది. బండి కదిలింది.

"పొద్దున్నే ఎందుకు చెప్పలేదు?" అన్నాడు అధ్యక్షుడు.

"చెప్తే ఉద్యోగం పోతుందని."

"మరి ఇప్పుడు?"

"పోతే పోయిందని."

ఉద్యోగం పోలేదు. అధ్యక్షుడి కోపమూ పోలేదు. మర్నాడు ఆయన దగ్గర్నుంచి ఆర్డరు వచ్చింది. సెత్యో సర్వర్‌లో ఆయన పేరు పెద్ద అక్షరాల్లోకి మార్చాడు.

గోడైనా సరే, మా ఊళ్లో మర్యాద నేర్చుకోక తప్పదు.