పంతొమ్మిది వేల తొమ్మిది వందల యాభై ఓమ్‌ల దొంగతనం

"ఎవరూ కదలొద్దు! ఒహాయో రాష్ట్రం మొత్తానికీ ఉన్న ఒకే ఒక్క మేధావి డిటెక్టివ్ వచ్చేశాడు!" అంటూ మెర్ల్ స్టబ్స్ రేడియో క్లబ్బు షెడ్డులో అడుగుపెట్టి, గడప తన్నుకుని బోర్లా పడ్డాడు.

"అక్కడ గడప ఉందయ్యా," అంది ఓపల్.

"గమనించాను," అన్నాడతను నేలమీంచే.

ఓపల్‌కు నవ్వు రాలేదు. రేపు పొలంలో డేరాలు వేసుకుని, ఇరవై నాలుగు గంటలు దూరప్రాంతాల వాళ్లతో రేడియోలో మాట్లాడే పోటీ. మొదటి మైకు ఆమెదే. తీరా ఆమె చేసిన డమ్మీ లోడ్ ఈ పొద్దున కాలిపోయింది. మాట బయటికి పోకుండా ట్రాన్స్‌మిటర్‌ను పరీక్షించడానికి, యాంటెన్నాకు బదులు తగిలించే, లోపల కరెంటును అడ్డుకునే రెసిస్టర్లు పేర్చిన పాత పెయింటు డబ్బా అది. లెక్క తప్పిన మనిషికి మైకు ఇచ్చేది లేదన్నాడు క్లబ్బు అధ్యక్షుడు వెర్నన్.

మెర్ల్ మాడిన రెసిస్టర్లను భూతద్దంలో లెక్కపెట్టాడు. "ఇరవై! ఒక్కోటి ఎంత?"

"వెయ్యి ఓమ్‌లు, రెండు వాట్లు."

"అంటే ఇరవై వేల ఓమ్‌లు! నీ కాగితంలో యాభయ్యే ఉంది. తక్కినవి ఎక్కడ దాచావు? మర్యాదగా ఒప్పుకో!"

"పక్కపక్కన కలిపితే ఓమ్‌లు తగ్గుతాయి మహానుభావా. వెయ్యిని ఇరవైతో భాగించు. పెరిగేవి వాట్లు. ఇరవై రెళ్లు నలభై."

"ట్రాన్స్‌మిటర్ వంద వాట్లు వదులుతుందిగా!" అన్నాడు గోడ దగ్గర నిలబడ్డ వెర్నన్.

"నూనెలో మునిగుంటే కాసేపు వంద కూడా తట్టుకుంటాయి. డబ్బా నిండా పోసే ఇచ్చాను."

"పోశావని ఎవరు చూశారు?"

"అదీ ప్రశ్న!" అంటూ మెర్ల్ చెయ్యెత్తి, ఠీవిగా నాలుగడుగులు వెనక్కి వేసి, మూలనున్న జాకెట్ మీద కూలబడ్డాడు. జాకెట్ కింద బకెట్ ఉంది. బకెట్లో నూనె ఉంది. మెర్ల్ నడుము దాకా దిగబడ్డాడు.

"ఇది నా నూనే!" అని అరిచింది ఓపల్. "ఆ జాకెట్ ఎవరిది?"

వెర్నన్ ముందుకొచ్చాడు. "నాదే. నిన్న డబ్బా ఇంటికి తీసుకెళ్లి మా ఆవిడకు చూపిద్దామనుకున్నా. కొత్త కారు సీట్ల మీద ఒలుకుతుందని నూనె ఇందులో వంపాను. పొద్దున తిరిగి పోయడం మరిచిపోయి ట్రాన్స్‌మిటర్ మీట నొక్కేశాను. కాలిపోయాక చెప్పడానికి నోరు రాలేదు."

"నాకు ముందే తెలుసు. అందుకే కూర్చున్నా," అన్నాడు మెర్ల్ బకెట్లోంచి.

వెర్నన్ గోడమీది పట్టికలో మొదటి వరసలో ఉన్న తన పేరు కొట్టేసి, ఓపల్ పేరు మళ్లీ రాశాడు.

"సరే కానీ వెర్నన్, ఇతన్ని నిదానంగా లేపు," అంది ఓపల్, పెట్టెలోంచి కొత్త రెసిస్టర్లు తీస్తూ. "పంట్లాము డబ్బా మీద పెట్టి పిండాలి. ఒక్క చుక్క పోయినా ఊరుకోను."